కర్రలు పొట్టివైన శనివారం

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి భోజనానికొస్తే, తిన్నాక ఎవరో ఒకరు అడుగుతారు, "ఆంటీ, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయింది ఒకటి చెప్పండి" అని. ఏదో గెలుపు కథ వస్తుందని వాళ్ళ ఆశ. గెలిచినవి నాకు పెద్దగా గుర్తుండవు. గుర్తున్నది ఒక ఓటమి. ఆడి ఓడితే ఇంత బాధుండేది కాదు. ఆడకుండానే ఓడాం, అది కూడా నాకు తెలుగు సరిగ్గా అర్థం కాకపోవడం వల్ల.

హాంబర్గ్‌లో ఒక బడిలో మధ్యాహ్నం పూట ఆటల టీచర్‌ని నేను. వరంగల్‌లో ఖోఖో ఆడిన కాళ్ళతో పెళ్ళై ఇక్కడికొచ్చాను. మన డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. మళ్ళీ చదివి, భాష నేర్చుకుని, ఆ బడిలో చేరి అక్కడే రిటైరయ్యాను. ఈ ఊళ్ళో వానకి వేళాపాళా ఉండదు. అందుకే నా సర్వీసులో సగం వానలో ఈల ఊదడమే.

మా బడి హౌస్‌మైస్టర్ ఐర్లండ్‌వాడు. తాళాలు, బల్బులు, హీటింగు, పూడుకుపోయిన పైపులు, పిల్లలు పగలగొట్టిన అద్దాలు, అన్నీ హౌస్‌మైస్టర్ నెత్తినే ఉంటాయి. అంతకుముందు అతను రేవులో ఓడల్లో వడ్రంగం చేసేవాడు. మాట తక్కువ. ఒక్క సంగతి ఎత్తితే మాత్రం ఆపడం కష్టం. అది హర్లింగ్.

మీలో చాలామందికి ఆ ఆట తెలియదు. నాకూ యాభై దాటేదాకా తెలియదు. పెద్ద అట్లకాడలాంటి కర్ర ఒకటి ఉంటుంది. ఆష్ చెట్టు కలపతో చేస్తారు. దాంతో చిన్న తోలుబంతిని నేల మీద కొట్టవచ్చు, గాల్లో కొట్టవచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. మొదటిసారి చూసిన గుంటూరు ఆవిడ ఒకరు "ఇదేంటండీ ఆంటీ, కర్రలతో కొట్టుకోవడం కూడా బళ్ళో నేర్పుతారా?" అని అడిగింది. హెల్మెట్ ఉంటుందమ్మా అన్నాను. "హెల్మెట్ పెట్టి మరీ కొట్టుకుంటారా!" అంది. తరవాత ఆవిడ కూతురే మా గోల్‌కీపర్ అయింది.

ఐర్లండ్‌లో తన కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, దాని గురించి అతను చెబుతుంటే నాకు అసూయగా ఉండేది. అక్కడ ఏ పల్లెకెళ్ళినా ఒక బడి, ఒక మైదానం, ఆ మైదానం పేరు చెప్పుకునే ఒక క్లబ్బూ ఉంటాయట. పిల్లలు పుస్తకాల సంచితో పాటు కర్ర పట్టుకుని బస్సెక్కుతారట. బడి వదిలాక టీచర్లు ఇంటికి పోకుండా ఆడిస్తారట, దానికి వేరే జీతం ఏమీ లేకుండానే. పక్క ఊరి క్లబ్బులో ఆడినవాడికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచించే పెద్దమనుషులు ఉన్నారట. ఇది అతని గొప్పలే అనుకోండి. కానీ సెలవుల్లో వెళ్ళి తెచ్చే ఫొటోల్లో నిజంగానే ప్రతి బడి వెనకా ఒక పచ్చటి మైదానం కనిపించేది.

"ఇక్కడ కూడా పెడదాం," అన్నాడు ఒకరోజు నాతో. "పిల్లలు నీ దగ్గర ఉన్నారు. కర్రలు నేను చేస్తాను."

అప్పటికే మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగా దిగాయి. విమానాల కంపెనీల్లోనో, ఐటీలోనో బ్లూ కార్డు వీసా మీద వచ్చినవాళ్ళు. జర్మన్ పిల్లలకి పుట్టగానే ఫుట్‌బాల్ క్లబ్బు ఉంటుంది. మనవాళ్ళు "ఆంటీ, క్రికెట్ నేర్పుతారా?" అనేవాళ్ళు. క్రికెట్ బ్యాటింగు, హాకీ పరుగు, కర్రసాము ధైర్యం మూడూ ఇందులోనే ఉన్నాయని చెప్పి చేర్పించాను. అబద్ధం కాదు కదా. అట్లా మా క్లబ్బులో సగానికి పైగా తెలుగు పిల్లలే అయ్యారు. ఐరిష్ ఆట, హాంబర్గ్ వాన, మైదానమంతా "ఒరేయ్ పాస్ ఇయ్యిరా!" అన్న కేకలు. పిల్లలు అతన్ని అంకుల్ అనేవాళ్ళు. జర్మన్ పిల్లలు కూడా అది అతని పేరనుకుని అంకుల్ అనే పిలిచేవాళ్ళు.

కర్ర విషయంలో అతనికి ఒక పద్ధతి ఉంది. కొనుక్కురానిచ్చేవాడు కాదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ తన ముందు నిటారుగా నిలబెట్టి, తుంటి ఎముక దగ్గర అరచెయ్యి ఆనించి కొలిచేవాడు. నేల నుంచి అక్కడిదాకా ఎంతుంటే కర్ర అంత. బడి కింద ఉన్న వర్క్‌షాపులో చెక్కి, పిడి మీద వాళ్ళ పేరు కాల్చి ఇచ్చేవాడు. మా గోల్‌కీపర్ పిల్ల తన కర్ర పక్కన పెట్టుకుని పడుకునేదని వాళ్ళమ్మ చెప్పింది. ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. గోల్ ముందు నిలబడితే మాత్రం అరుపులే అరుపులు.

మా ఆట బడి ఆవరణలో కుదరదు, అక్కడ తారు నేల. కాలవ పక్కనున్న ఊరి మైదానంలో శనివారం పూట మాకు కొన్ని గంటలు ఇచ్చారు. జర్మనీలో మైదానం దొరకడమంటే మాటలు కాదు. డాక్టర్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అయినా దొరుకుతుంది కానీ గడ్డి దొరకదు. ఆ గంటల కోసం ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఎప్పటినుంచో కాచుకుని ఉంది.

అట్లా సాగుతుండగా కరోనా వచ్చి బడికి తాళం పడింది.

మొదట్లో మాకు అంత భయం వెయ్యలేదు. ఈస్టర్ తరవాత తెరుస్తారు, ఎండాకాలానికి తెరుస్తారు అనుకున్నాం. ఎండాకాలంలో బయట ఆడుకోవచ్చన్నారు, ఒకరినొకరు తాకకుండా. నేను స్పోర్ట్స్ ఆఫీసుకి వెళ్ళి వాదించాను. మా ఆటలో ప్రతివాడి చేతిలో కర్ర ఉంటుంది, ఆ కర్రే దూరం కొలిచి పెడుతుంది, ఇంతకన్నా తాకని ఆట ఏముంటుంది అన్నాను. ఆఫీసరు నవ్వుకుని, "కర్రతో ఇబ్బంది లేదండీ, బంతిని ఎవరెవరు పట్టుకున్నారన్నదే ఇబ్బంది," అన్నాడు. మంచివాడే. చివరికి ఎవరి బంతి వాళ్ళే తెచ్చుకుని, దూరదూరంగా నిలబడి కొట్టుకునే ఏర్పాటు జరిగింది. పాస్ లేదు, గోల్ లేదు. పిల్లలు కొన్ని వారాలు ఓపిక పట్టారు. శీతాకాలం రాగానే అది కూడా మూసేశారు.

ఐర్లండ్‌లో పిల్లలు గోడకి కొట్టి నేర్చుకుంటారట. అంకుల్ వీడియో తీసి పంపాడు, ఇంటి గోడకి బంతి కొట్టి ఎలా పట్టాలో. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. చప్పుడు చెయ్యకూడని ఆదివారం పూట గోడకి బంతి కొడితే జర్మన్ పొరుగువాళ్ళు ఊరుకుంటారా? గోల్‌కీపర్ వాళ్ళ ఇంటి ఓనరు హెచ్చరిక పంపించాడు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "ఇల్లు దొరకడానికి ఎంత తిరిగామో మీకు తెలుసు కదండీ. ఇప్పుడు ఖాళీ చేయమంటే ఎక్కడికెళ్తాం? పిల్లని ఆపేశానండీ, ఏమనుకోకండి." నేనేమనుకుంటాను! కర్ర మంచం కిందికి వెళ్ళిపోయింది.

అతను మాత్రం పని ఆపలేదు. పిల్లల్లేని బడికి హౌస్‌మైస్టర్ రావాలి కదా, పైపులకి కరోనా లేదు. రోజూ పని అయ్యాక కిందికెళ్ళి, క్లబ్బులో మిగిలిన కర్రలన్నిటికీ అవిసె నూనె రాసేవాడు. కొత్త కర్రలు కూడా చెక్కాడు. ఎవరి కొలత ఎంతో అతని చేతికే తెలుసు. నేను ఎప్పుడైనా తొంగి చూస్తే గోడ పొడుగునా పేర్లతో కర్రలు వరసగా కనిపించేవి. పిల్లలు కోట్లు విప్పి లోపలికెళ్ళినట్టే ఉండేది ఆ గోడ. నాకు అక్కడ ఎక్కువసేపు నిలబడబుద్ధి అయ్యేది కాదు.

నా రిటైర్మెంట్ కంప్యూటర్ తెర మీద జరిగింది. చిన్నచిన్న గళ్ళలో మొహాలు. ఒకరు పువ్వుల గుత్తి కెమెరాకి చూపించి, "ఇది మీకే" అన్నారు. అది ఇప్పటికీ వాళ్ళ దగ్గరే ఉందనుకుంటాను.

రిటైరైనా క్లబ్బు వదల్లేదు. రెండో ఏడు ఆకులు రాలే రోజులకి ఆటలు మళ్ళీ తెరిచారు. అతని కౌంటీలో ఎప్పుడో మొదలైపోయాయట. "మా దగ్గర బళ్ళోనే మళ్ళీ చేతికి కర్రలిచ్చేశారు. తాతలు గేటు దగ్గర నిలబడి రానివాళ్ళని పేరుపెట్టి పిలిచారు. ఎవడు తప్పించుకుంటాడు?" అని మురిసిపోయాడు. అక్కడ పిల్లల వెనక ఊరంతా ఉంది. ఇక్కడ ఊరంటే మేమిద్దరమే. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

స్పోర్ట్స్ ఆఫీసరు ఫోన్ చేశాడు. రెండేళ్ళుగా మైదానాలు ఎవరు వాడుతున్నారో మళ్ళీ చూస్తున్నారు. ఒక శనివారం తనే వస్తాడు. కనీసం పదిమంది పిల్లలు మైదానంలో ఆడుతూ కనిపించాలి. లేకపోతే మా గంటలు ఫుట్‌బాల్ క్లబ్బుకి వెళ్తాయి. చివర్లో మెత్తగా అన్నాడు, "మీకు ఇబ్బందైతే వసంతకాలం దాకా వాయిదా రాసుకోగలను. చాలా క్లబ్బులు అడిగాయి."

"ఒక్క రోజు ఆగండి, కనుక్కుని చెబుతాను," అన్నాను.

వర్క్‌షాపులోనే కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, తల్లిదండ్రులకి వరసగా చేశాను. అతను పక్కనే కర్రకి ఇసక కాగితం పడుతూ వింటున్నాడు.

"అయ్యో ఆంటీ, ఎన్నాళ్ళకి చేశారండీ! శనివారమా? చూద్దామండీ, తప్పకుండా చూద్దాం."

"మేడం, మావోడు ఇప్పుడు గేమింగ్‌ల పడ్డడు. చెప్తా వానికి. జర చూద్దాం మేడం."

"వీకెండ్ కొలోన్‌లో ఫ్రెండ్స్ రమ్మంటున్నారక్కా. అయినా చూద్దాం."

గోల్‌కీపర్ తల్లి గొంతు మాత్రం వేరేగా ఉంది. "పిల్ల గదిలోంచి బయటికే రావట్లేదండీ. స్కూలుకెళ్తుంది, కరోనా టెస్టుకి ముక్కులో పుల్ల పెట్టించుకుంటుంది, వచ్చి తలుపేసుకుంటుంది. మీరే ఓసారి మాట్లాడండి."

ఫోన్ పిల్లకిచ్చింది. "ఏం బిడ్డా, ఎట్లున్నవ్? శనివారం ఆడనీకి రావా?" అన్నాను.

"కైన్ బొక్" అంది జర్మన్‌లో. బుద్ధి పుట్టట్లేదని. గోల్ ముందు నిలబడి ఊరంతా వినపడేలా అరిచిన గొంతేనా ఇది అనిపించింది. తల్లి ఫోన్ తీసుకుని, "తీసుకొస్తానండీ, ఎలాగోలా తీసుకొస్తాను," అంది. ఆవిడ ఒక్కతే చూద్దాం అనలేదు.

ఫోన్లు అయ్యాక అతను అడిగాడు, "అందరూ ఒకటే మాట అంటున్నారు. చూద్దాం. దాని అర్థమేమిటి?"

"ప్రయత్నిస్తామని. చూసి వస్తామని."

ఇసక కాగితం ఆపాడు. "కాదనుకుంటాను. అది రామని చెప్పడం."

నాకు ఒళ్ళు మండింది. "నీకు తెలుగొచ్చా?"

"తెలుగు రాదు. ఆ గొంతు తెలుసు. మా ఊళ్ళో 'ఆ, వస్తాలే' అంటారు. ఆ మాట అన్నవాడి కోసం ఎవడూ వాకిట్లో కూర్చోడు."

నేను వినలేదు. పుట్టిన భాష నాది, నాకు చెప్పేవాడా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మా అమ్మ ఎవరికైనా చూద్దాంలే అందంటే ఆ సంగతి అక్కడితో సరి అని చిన్నప్పుడు నాకు తెలుసు. మొహం మీద కాదనడం మనకి చేతకాదు, అది మన మర్యాద. కానీ నలభై ఏళ్ళు జర్మన్ల మధ్య బతికాను. వీళ్ళు అవునంటే అవును, కాదంటే కాదు, చూస్తామంటే నిజంగా క్యాలెండర్ తీసి చూస్తారు. తెలుగు మాట్లాడుతూనే ఉన్నాను కానీ, చెవులెప్పుడో జర్మన్ చెవులైపోయాయి. ఆ సంగతి ఆ రోజుదాకా నాకు తెలియలేదు.

ఆఫీసరుకి ఫోన్ చేసి వాయిదా అక్కర్లేదని చెప్పాను. "వస్తున్నారు," అన్నాను ధీమాగా. అంకుల్ పక్కనే ఉన్నాడు. కర్ర తిప్పి రెండోవైపు రుద్దడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం వాన లేదు. అదొక్కటే మాకు కలిసొచ్చింది. అతను తన వ్యాన్‌లో కర్రలన్నీ తెచ్చి, పొద్దున్నే గీతలు గీసి, గోల్ వల కట్టి, గడ్డి మీద వరసగా పరిచాడు, పిడులన్నీ ఒకవైపుకి పెట్టి. హెల్మెట్లు కడిగి పక్కన పెట్టాడు. ఆఫీసరు సైకిల్ మీద వచ్చి, ఫ్లాస్క్ తీసి టీ పోసుకున్నాడు. "మీ పిల్లలు టైముకి వస్తారా?" అన్నాడు. మావాళ్ళు కొంచెం ఆలస్యంగా వస్తారన్నాను. "పరవాలేదు," అన్నాడు. ఎదురుచూశాం. ఇద్దరు జర్మన్ అన్నదమ్ములు వచ్చారు. మధ్యలో నా ఫోన్ మోగుతూనే ఉంది. జలుబట, టెస్టింగట, హోంవర్కట. ఒకతను "సారీ మేడం, చూద్దామన్న గానీ కుదరలే," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా అన్నాడు.

అప్పుడు గోల్‌కీపర్ తల్లి గేటు తీసింది. వెనక మాస్కు వేసుకుని ఒక పొడుగాటి అమ్మాయి. నేను గుర్తుపట్టలేదు. పెద్దక్క ఎవరైనా ఉందేమో అనుకున్నాను. ఆ పిల్లకి అక్క లేదు.

అంకుల్ లేచి నిలబడ్డాడు. నవ్వాడు కూడా. ఆ రోజంతటికీ అతను నవ్వింది ఆ ఒక్కసారే. ఆ పిల్ల పేరుతో కొత్తగా చెక్కిన కర్ర వరసలోంచి తీసి రెండు చేతులతో అందించాడు. పిల్ల తీసుకుని నేలకి ఆనించింది. అది తొడ సగానికే వచ్చింది. హెల్మెట్ పెట్టుకోబోతే చెవుల దగ్గరే ఆగిపోయింది. అయినా వెళ్ళి గోల్ ముందు నిలబడింది, పాపం. ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు బంతి కొట్టాడు. వాడి కర్ర కూడా పొట్టిదే, ముసలివాడిలా వంగి కొట్టాడు. పిల్ల కర్ర చాపింది. ఎప్పుడూ అందే బంతి అది. కర్ర చివరకి జానెడు దూరంలోంచి వెళ్ళి వలలో పడింది.

ఇంకో రెండు బంతులు ఆడింది. తరవాత నడుచుకుంటూ వచ్చి, కర్రని తీసిన చోటే, అదే వరసలో జాగ్రత్తగా పెట్టింది. "ఎస్ ఇస్ట్ త్సు క్లైన్, అంకుల్," అంది. చిన్నదైపోయింది అంకుల్, అని. వెంటనే "ఎంట్‌షుల్డిగుంగ్" అంది. పిల్ల ఎందుకు క్షమాపణ చెప్పాలి? పెరిగినందుకా?

అతని అరచెయ్యి అలవాటుగా పిల్ల తుంటి వైపు లేచి, మధ్యలో ఆగిపోయింది. అప్పుడు గడ్డి మీది వరస చూశాడు. నేనూ చూశాను. రెండేళ్ళు నూనె రాసి కాపాడిన కర్రలు, కొత్తగా చెక్కిన కర్రలు, అన్నీ తాళం పడిన రోజునాటి పిల్లల కొలతలవి. వాళ్ళందరూ వచ్చి ఉన్నా ఆ కర్రలతో ఆడగలిగేవాళ్ళు కాదు. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడా లేరు. చేతిలో ఇంత కొలత ఉన్నవాడికి, ఇంతమంది పిల్లల్ని ఆడించిన నాకు, పిల్లలు పెరుగుతారన్న సంగతి తట్టలేదు.

తల్లి కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ తీసుకొస్తానండీ," అంది. పిల్ల అప్పటికే గేటు దాటింది.

ఆఫీసరు ఫ్లాస్క్ మూత బిగించాడు. చెప్పలేక చెప్పాడు, మైదానం వచ్చే నెల నుంచి ఫుట్‌బాల్ వాళ్ళదని. "ఆ రోజు మీరు వాయిదా అడిగి ఉంటే..." అని సగంలో ఆపాడు. ఆపినందుకు అతనికి దండం పెట్టాలనిపించింది.

మీలో ఎవరైనా పిల్లలకి ఏదైనా నేర్పే పనిలో ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ధైర్యం మాటలేమీ లేవు. కరోనా మనుషుల్ని తీసుకుపోయింది, అది అందరికీ తెలుసు. బతికున్న పిల్లల్ని కూడా కొంతమందిని తీసుకుపోయింది. వాళ్ళు ఇక్కడే పెద్దవాళ్ళై తిరుగుతున్నారు, బాగానే చదువుకుంటున్నారు. ఆ గోల్‌కీపర్ పిల్ల మొన్న సూపర్‌మార్కెట్‌లో కనిపించి మర్యాదగా "హలో" అంది. గోల్ ముందు అరిచే పిల్ల కోసం ఆ మొహంలో వెతికాను. దొరకలేదు.

ఆ సాయంత్రం కర్రలు మళ్ళీ బడి కిందికి చేర్చాం. అతను ఒక్కొక్కటే గోడకి ఆనిస్తున్నాడు, పేరు కనిపించేలా. నేనే గింజుకుపోతున్నాను, ఏదో ఒకటి అనకపోతే అక్కడ నిలబడలేనని. కొత్త పిల్లలు వస్తారన్నాను. దూరమైనా సరే, మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో చదువుకునే మన కుర్రాళ్ళని అడిగి పెద్దవాళ్ళ జట్టు కట్టవచ్చన్నాను. ఇంకో మైదానానికి నేనే తిరుగుతానన్నాను. "వసంతం రాగానే మళ్ళీ మొదలుపెడదాం. నువ్వు కొత్త కర్రలు చెయ్యి," అన్నాను.

అతను ఆఖరి కర్ర ఆనించి, దీపం ఆర్పి, తలుపు తాళం వేశాడు. తాళం ఒకసారి లాగి చూసుకున్నాడు. నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, అచ్చం మనవాళ్ళ గొంతుతో, తెలుగులో అన్నాడు.

"చూద్దాం."

ఈసారి నాకు అర్థమైంది.